ముక్కు దిబ్బడ: ఒక వైపా, రెండు వైపులా?

"నాకు సైనస్ ఉందండీ" అంటూ రోగులు వస్తుంటారు. సైనస్‌లు అందరికీ ఉంటాయి. బుగ్గల వెనక, కళ్ల మధ్య, నుదుట, ఇంకా లోపల ఉండే గాలి గదులవి. వాటి దారులు వాచి మూసుకుపోతేనే జబ్బు. అందుకే పేరు పెట్టేముందు నేను అడిగేది ఒక్కటే: దిబ్బడ ఒకవైపేనా, రెండువైపులానా?

వైపులు మారుతుంది. ఎటు తిరిగి పడుకుంటే అటు మూసుకుపోతుంది

ముక్కు పక్క గోడలకు టర్బినేట్లని కండలుంటాయి. కొన్ని గంటలకోసారి ఒకవైపుది ఉబ్బి, రెండోవైపుది తగ్గడం అందరిలోనూ జరిగేదే. ఎలర్జీ ఉన్నవాళ్లకు ఆ ఉబ్బు ఎక్కువై దిబ్బడగా తెలుస్తుంది. దీనికి ముందు కావాల్సింది కత్తి కాదు, స్టిరాయిడ్ స్ప్రే. రెండు రోజులు కొట్టి "పనిచేయలేదు" అని పారేస్తారు. పూర్తి గుణం కనబడటానికి రెండు వారాలైనా పట్టొచ్చు. కొట్టే పద్ధతి కూడా ముఖ్యం: తల కాస్త ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులోకి, ఎడమచేత్తో కుడి ముక్కులోకి, మొన అదేవైపు చెవి దిక్కుగా పెట్టి కొట్టాలి. మధ్య దూలం (రెండు ముక్కుల మధ్య గోడ) మీద కొడితే అక్కడ పుండుపడి రక్తం వస్తుంది. గట్టిగా పీలిస్తే మందు గొంతులోకి జారిపోతుంది.

చుక్కల మందు వేయనిదే నిద్రపట్టదు

జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. వారం దాటి వాడితే ఆ మందే దిబ్బడకు కారణమవుతుంది. ఏళ్ల తరబడి జేబులో సీసా పెట్టుకు తిరిగేవాళ్లున్నారు. ఒక్కసారే మానలేకపోతే ముందు ఒక ముక్కులో ఆపండి, అది తెరుచుకున్నాక రెండోదాంట్లో. ఆ కొద్ది రోజుల బాధ గట్టెక్కడానికి డాక్టర్ని అడిగి స్టిరాయిడ్ స్ప్రే వాడుకోవాలి.

ఎప్పుడూ ఒకే వైపు

పెద్దవాళ్లలో చాలాసార్లు దూలం వంకరే. అయితే స్కాన్ రిపోర్టులో డీఎన్‌ఎస్ (దూలం వంకర) అని కనబడగానే కంగారు వద్దు. కొద్దిపాటి వంకర ఎంతోమందికి ఉంటుంది. గాలి ఆడక ఇబ్బంది పడుతూ, మందులకూ లొంగనప్పుడే సెప్టోప్లాస్టీ, అంటే దూలం సరిచేసే ఆపరేషన్. ముక్కు లోపలినుంచే చేస్తారు, బయట కోత కనబడదు.

ఒకవైపే కుళ్లు వాసనతో చీమిడి కారుతుంటే లెక్క వేరు. చిన్నపిల్లల్లో అయితే పూసో, చింతగింజో దూరి ఉంటుంది. బటన్ బ్యాటరీ అయితే కొన్ని గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, తెల్లారేదాకా ఆగకూడదు. పెద్దల్లో పైదవడ దంతాలు చూపించాలి. వాటి వేళ్లు బుగ్గ సైనస్‌కు అడుగునే ఉంటాయి. పుచ్చిన పన్ను సంగతి తేల్చకుండా సైనస్ ఒక్కటే కడిగితే చీము మళ్లీ వస్తుంది. ఒకవైపు దిబ్బడకు రక్తం కూడా తోడైతే ఎండోస్కోపీ (సన్నని గొట్టం కెమెరాతో లోపల చూడటం), అవసరమైతే ముక్క తీసి పరీక్ష, ఆలస్యం లేకుండా చేయించాలి.

రెండువైపులా దిబ్బడ, పోపు వాసన కూడా తెలియదు

పాలిప్స్, అంటే లోపలి పొర వాచి వేలాడే మెత్తని కండలు, ఉన్నాయేమో చూడాలి. ఎండోస్కోప్‌లో తాటి ముంజలా తేటగా, లేత బూడిదరంగులో వేలాడుతుంటాయి. తాకినా నొప్పుండదు. టర్బినేట్ మామూలుగా ఎర్రగా ఉంటుంది, తాకితే చురుక్కుమంటుంది. రెండింటినీ "కండ పెరిగింది" అనేస్తారు కాబట్టి ఏ కండో అడిగి తెలుసుకోండి, వైద్యం వేరు. ఆస్తమా ఉండి, ఆస్పిరిన్‌లాంటి నొప్పి మాత్రలకు ఆయాసం వస్తుంటే అది తప్పక చెప్పాలి. ఆ కోవ పాలిప్స్ తీసినా త్వరగా తిరిగొస్తాయి.

నుదురు పోటు, కానీ ముక్కు శుభ్రం

వెలుతురు పడకపోవడం, వికారం ఉంటే చాలావరకు మైగ్రేన్. నొప్పి ఉన్నప్పుడు తీసిన సీటీ స్కాన్‌లోనూ సైనస్‌లు ఖాళీగా ఉంటే ఆపరేషన్‌తో తగ్గేదేమీ లేదు.

వెంటనే పరిగెత్తాల్సినవి

కన్ను వాచినా, ఒకటి రెండుగా కనిపించినా, వంగితే ఒక ముక్కులోంచి నీళ్లలా ఉప్పగా కారినా ఆ రోజే ఆసుపత్రికి. ఆ నీరు మెదడు చుట్టూ ఉండే ద్రవం కావొచ్చు. షుగర్ ఉన్నవాళ్లకు ముక్కులో నల్ల చెక్కు కడితే బ్లాక్ ఫంగస్ కావొచ్చు. 2021లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. ఈ జబ్బులో గంటలు కూడా లెక్కే.

ఆపరేషన్ అయినా మళ్లీ దిబ్బడేంటి?

సైనస్ లక్షణాలు 12 వారాలు దాటి, సరిగ్గా మందులు వాడినా తగ్గకపోతే ఎండోస్కోపీ ఆపరేషన్ మాట వస్తుంది. దీనికి బాట వేసింది ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో డాక్టర్లు మెసర్‌క్లింగర్, స్టామ్‌బెర్గర్. లోపలి పొరను గీకి తీయకుండా, సహజంగా ఉన్న దారుల్నే వెడల్పు చేస్తారు. కంటికీ సైనస్‌కూ మధ్య ఎముక కాగితమంత పలుచన, పైన మెదడు. అందుకే ముందు సీటీ తప్పనిసరి.

దారి తెరుచుకుంటుంది, ఎలర్జీ గుణం మాత్రం పోదు. దారి పెద్దదైంది కాబట్టి స్ప్రే, ఉప్పునీళ్లు ఇప్పుడు సైనస్‌ దాకా చేరతాయి. ఆపరేషన్‌తో వచ్చే అసలు లాభం అదే, వాటిని మానేస్తే పాలిప్స్ మళ్లీ మొదలు. తొలి రోజుల దిబ్బడ లోపలి వాపు, చెక్కులవల్ల. డాక్టర్ చెప్పేదాకా చీదొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి. కడగడానికి పావు లీటరు నీళ్లకు అర టీస్పూను అయోడిన్ లేని ఉప్పు, చిటికెడు వంటసోడా. నీళ్లు మరిగించి చల్లార్చినవే వాడాలి. కుళాయి, బోరు నీళ్లలో ఉండగల అమీబా ముక్కుగుండానే మెదడుకెక్కుతుంది.