బతుకమ్మకు ముందు పాత తలుపులు గోకిస్తున్నారా?

బతుకమ్మ దగ్గరపడుతుందంటే వరంగల్‌లో ఇళ్లకు రంగులు మొదలవుతాయి. సున్నం వేసిన గోడలతో భయం లేదు. మట్టెవాడ, గిర్మాజీపేట గల్లీల్లోని పాత ఇళ్లలో టేకు తలుపులు, కిటికీలు, గడపల దగ్గరే కాస్త ఆగాలి, వాటి పాత పూతల్లో విషమైన సీసం (లెడ్) ఉండొచ్చు.

ముందు గడప సంగతి. రోజూ పసుపు రాసే ఓపిక లేక చాలా ఇళ్లలో పసుపు ఎనామిల్ పెయింట్ వేసి, పైన ఎర్ర బొట్లు పెట్టేస్తారు. పాత పూత తీయకుండా దాని మీదే ఇంకో పూత. నిగనిగలాడే ఆ ఎనామిల్ పసుపు చాలాకాలం లెడ్ క్రోమేట్‌తోనే వచ్చేది, అంటే సీసం. చిలకపచ్చ తలుపులకు కూడా ఆ పసుపులోనే నీలం కలిపేవాళ్లు. పెచ్చు లేచిన చోట ఒకసారి వంగి చూడండి: పసుపు కింద ఇంకో పసుపు, దాని కింద ఆకుపచ్చ, అన్నిటికన్నా లోపల కట్టెకు అంటుకుని తెలుపో నారింజో కనిపిస్తుంది. బాగా పాత తలుపైతే ఆ తెలుపు సీసపు సఫేదా, ఆ నారింజ రెడ్ లెడ్ కావచ్చు, రెండూ సీసంతో చేసినవే. గేట్లకు కొట్టే రెడ్ ఆక్సైడ్ వేరు, అది ఇనుముతో చేసింది. 

ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదని మన దేశంలో 2016లో నిబంధన తెచ్చారు, 2017 నవంబర్ నుంచి అమలు. అంతకుముందు పూతలన్నిటినీ అనుమానించాల్సిందే.

విషపు రంగుల మోజు మన ఒక్కరిదే కాదు. స్వీడన్‌లో 1775లో షీలే అనే రసాయన శాస్త్రవేత్త ఆర్సెనిక్ అనే విషంతో చేసిన ఆకుపచ్చ, తర్వాత ఐరోపా ఇళ్ల గోడలకు అంటించే కాగితాలకు ఎక్కింది. ఆ రంగు మీద పెరిగే బూజు ఆర్సెనిక్ వాయువు వదులుతుందని 1890ల్లో ఇటలీలో గోసియో అనే శాస్త్రవేత్త తేల్చాడు. అక్కడ ఎవరూ ముట్టకపోయినా గది గాలి చెడేది. మన తలుపు మీది సీసం అలా లేవదు, గోకితేనో రాపిడికి అరిగితేనో దుమ్మై లేస్తుంది.

అందుకే పూత గట్టిగా ఉంటే గోకించకండి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక పైన కొత్త రంగు వేయించండి. ‘మొత్తం లాగేస్తేనే ఫినిషింగ్ వస్తది సార్’ అంటాడు పెయింటర్. వస్తుంది, కాదనను. ఆ దుమ్ము మాత్రం మన చాపల్లో, పరుపుల్లో మిగులుతుంది.

పెచ్చులు లేచి గోకక తప్పకపోతే పొడి ఉప్పు కాగితం, గ్రైండర్, బ్లో ల్యాంప్ మూడూ వద్దు. మంట పెడితే సీసం పొగై లేస్తుంది. కింద ప్లాస్టిక్ షీట్ పరిచి, నీళ్లు స్ప్రే చేసి, తడి ఆరకముందే గోకించండి. మూతికి దస్తీ కట్టుకుంటే సరిపోదు, కనీసం ఎన్-95 మాస్క్ ఉండాలి. పనివాళ్లకు మనమే కొనివ్వాలి, ఏడాది పొడవునా ఆ దుమ్ము పీల్చేది వాళ్లే. గర్భిణులను, చిన్నపిల్లలను ఆ నాలుగు రోజులు చుట్టాలింటికి పంపితే మంచిది. మింగిన సీసాన్ని పిల్లల ఒళ్లు పెద్దల కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పట్టుకుంటుంది. ఇంతవరకైతే పర్వాలేదు అనే లెక్క కూడా దీనికి లేదు.

పని అయ్యాక చీపురు పట్టొద్దు, తడిబట్టతో రెండుసార్లు తుడవండి. ఆ నీళ్లు మొక్కలకు కాదు, టాయిలెట్‌లో పోయాలి.

పాత తలుపు చెక్కలను నీళ్ల పొయ్యిలోనో చలిమంటలోనో వేయడం మన దగ్గర మామూలే. రంగు వేసిన కట్టె ఏదైనా సరే, కాల్చొద్దు. పొగ ఒక ఎత్తు, ఆ బూడిదతో గిన్నెలు తోమడం ఇంకో ఎత్తు.

ఇప్పటికే గోకించేసి ఉంటే, ఇంట్లో పాకే పిల్లలుంటే, రక్తంలో సీసం పరీక్ష గురించి పిల్లల డాక్టర్‌ను అడగండి. పైకి ఏ లక్షణమూ కనబడకపోవచ్చు. కొత్త డబ్బా కొనేటప్పుడు లేబుల్ మీద 90 పీపీఎం మాట ఉందో లేదో చూడండి. లేబుల్ లేని లూజ్ పెయింట్ సగం ధరకే ఇస్తానన్నా వద్దు, ముఖ్యంగా పసుపు.