బొమ్మ మసకబారిందా? లెన్స్ తుడిచే ముందు ఇవి చూడండి

తెర మీద బొమ్మ కాస్త చెడగానే చేయి గుడ్డ కోసం వెతుకుతుంది. నా మొదటి ప్రొజెక్టర్ లెన్స్‌ను కండువా కొసతో తుడిచి గీతలు పెట్టుకున్నది నేనే. ఆ రోజు తెర మీద కనిపించిన మచ్చకూ లెన్స్‌కూ సంబంధమే లేదని తరువాత తెలిసింది.

ఒకే చోట కదలని మచ్చ

లెన్స్ ముందు గాజు మీది ధూళి తెర మీద మచ్చగా కనిపించదు. అది వెలుగును కాస్త చెదరగొడుతుంది, అంతే. మచ్చ కనిపిస్తోందంటే ధూళి లోపల, బొమ్మ పుట్టే ప్యానెల్ దగ్గర చేరిందన్నమాట. నల్లటి బొమ్మ వేసి ఫోకస్ రింగును అటూ ఇటూ తిప్పి చూడండి. ఎక్కడో ఒకచోట మచ్చ అంచులు తేలితే అనుమానం తీరినట్టే. మూడు ఎల్‌సీడీ ప్యానెళ్ల యంత్రాల్లో అది ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఏదో ఒకటిగా మెరుస్తుంది. దీన్ని విప్పి శుభ్రం చేయడం మెకానిక్ పని. గాలి ఫిల్టర్ దులపడం మాత్రం మన పని.

నలుపు బూడిద రంగులోకి మారింది

ముందు కిటికీ తెరలు వేసి చూడండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. అప్పటికీ పాలిపోయి ఉంటే లెన్స్ మీద పొర పేరుకుని ఉంటుంది. హాలూ వంటగదీ కలిసిన ఇళ్లలో పోపు పొగ, పూజ గదిలోని అగరుబత్తి పొగ సన్నని జిడ్డుగా అంటుకుంటాయి.

యంత్రం ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. రబ్బరు బ్లోయర్‌తో ధూళి ఊదండి. ఈ మెట్టు దాటవేయకండి: ధూళిలో ఇసుక రేణువులు ఉంటాయి, వాటి మీద గుడ్డ రుద్దితే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. తరువాత లెన్స్ ద్రవం ఒక చుక్క మైక్రోఫైబర్ గుడ్డ మీద వేసి, మధ్య నుంచి అంచులకు గుండ్రంగా తుడవండి. ద్రవాన్ని నేరుగా గాజు మీద చల్లితే అంచుల నుంచి లోపలికి దిగుతుంది. అమోనియా ఉన్న అద్దాల క్లీనర్ లెన్స్ పూతను పాడుచేస్తుంది.

టార్చి ఏటవాలుగా వేసినప్పుడు లోపల సాలెగూడు పోగుల్లాంటి గీతలు కనిపిస్తే అది బూజు (ఫంగస్). విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో, వానాకాలంలో నెలల తరబడి సంచిలో మూసి ఉంచిన యంత్రాలకు ఈ బెడద ఎక్కువ. బూజు తినేసిన పూత తిరిగి రాదు. కాబట్టి వారానికోసారైనా యంత్రాన్ని వాడండి, ఆ వేడికే తేమ ఆరుతుంది. దాచవలసి వస్తే తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి.

పావుగంటకు ఫోకస్ జారింది

వేడికి లెన్స్ భాగాలు వ్యాకోచిస్తాయి. యంత్రం వేడెక్కాకే ఫోకస్ సరిచేయండి.

మధ్యలో స్పష్టం, మూలల్లో మసక

ప్రొజెక్టర్ తెరకు ఎదురుగా కాక వంగి ఉంది. కీస్టోన్ మీట నొక్కితే ఆకారం సరవుతుంది కానీ, ప్యానెల్‌లోని చుక్కలు కొన్ని వృథా అవుతాయి, అక్షరాలు మెత్తబడతాయి. స్టాండు ఎత్తు మార్చండి. యంత్రాన్ని వంచకుండా లెన్స్‌ను మాత్రమే జరిపి బొమ్మను కదిపే లెన్స్ షిఫ్ట్ ఉంటే దాన్నే వాడండి, అందులో నష్టం లేదు.

బొమ్మ చిన్నదైంది

ఇది కొనేటప్పుడు చేసిన తప్పు. తెర నుంచి లెన్స్‌కు ఉన్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది త్రో నిష్పత్తి. మూల నుంచి మూలకు 100 అంగుళాలుండే 16:9 బొమ్మ వెడల్పు సుమారు 2.2 మీటర్లు. 1.5 నిష్పత్తి లెన్స్‌కు 3.3 మీటర్ల దూరం కావాలి. మీ గదిలో 2.5 మీటర్లే ఉంటే 75 అంగుళాలతో సరిపెట్టుకోవాలి, లేదా 1.1 నిష్పత్తి లెన్స్ వెతకాలి. ఇంటి ప్రొజెక్టర్లలో చాలావాటికి లెన్స్ మార్చే వీలు లేదు కనుక టేపుతో కొలిచాకే దుకాణానికి వెళ్లండి. గోడకు జానెడు దూరంలో పెట్టే అల్ట్రా షార్ట్ త్రో యంత్రం కొంటే మాత్రం దుప్పటి తెర పనికిరాదు. గుడ్డలోని ప్రతి ముడతా బొమ్మలో అలలా కనిపిస్తుంది.