సంఘం గ్రూపులో పోస్టు పెట్టేముందు

కడపలో గానీ ప్రొద్దుటూరులో గానీ ఆదివారం ఆరాధన అయిపోగానే సంఘం వాట్సాప్ గ్రూపులు మోగడం మొదలవుతుంది. సెండ్ నొక్కేముందు ఇవి చూసుకోండి.

మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉందా? చాలా చేతులు మారి వచ్చిందని అర్థం, 2020 నుంచి అలాంటివాటిని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు. చర్చి తగలబెట్టారని, పాస్టర్‌ను కొట్టారని వీడియో వస్తే ఊరు, తేదీ తేలేదాకా ఆపండి. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ (నిర్గమకాండము 20:16) ఫార్వర్డ్‌కూ వర్తిస్తుంది.

ప్రార్థన విన్నపాల దగ్గర ఇంకా జాగ్రత్త. "ఫలానా అక్కకు క్యాన్సర్ అంట, ప్రార్థన చేయండి" అని పెట్టేముందు ఆ అక్కను అడిగారా? ప్రేమతోనే పెడతారు, కాదనను, కానీ ఆమె ఇంట్లో పెద్దవాళ్లకు కూడా ఇంకా చెప్పుకుని ఉండదేమో, సాయంత్రానికల్లా ఆ మాట పులివెందులలో చుట్టాల ఫోన్లకు చేరిపోతుంది. "మన సహోదరి ఒకరి ఆరోగ్యం కోసం" అంటే చాలు, దేవునికి పేరు తెలుసు.

సంఘంలో ఎవరితోనైనా తేడా వస్తే స్టేటస్‌లో వాక్యం పెట్టి పొడవొద్దు. మత్తయి 18:15 ప్రకారం ముందు ఆ మనిషి దగ్గరికి వెళ్లి, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడాలి.

వేరేవాళ్ల దేవుళ్ల మీద వెటకారం వద్దే వద్దు. దేవుని కడప గుడికి, పెద్ద దర్గాకు వెళ్లే మీ పక్కింటివాళ్లూ మీ స్టేటస్ చూస్తారు, యేసు గురించి వాళ్లకు మొదట తెలిసేది మీ మాటతీరును బట్టే.

పిల్లల ఫొటోలు తల్లిదండ్రులు సరే అంటేనే. కోపంలో టైప్ చేసింది తెల్లారాక మళ్లీ చదివి అప్పుడు పంపండి.