ఫొటోలతో చేసే టైమ్‌లాప్స్: సైజు తగ్గించేదిలా

టైమ్‌లాప్స్ అంటే విడివిడిగా తీసిన ఫొటోలను వరుసగా వేగంగా చూపే వీడియో. 6000×4000 పిక్సెళ్ల ఫొటోలను అలాగే వీడియోగా మార్చకండి. ముందు వెడల్పు 1920కి దించి, ఎత్తును 1080కి కత్తిరించండి. ఎత్తు, వెడల్పు రెండూ సరి సంఖ్యలే ఉండాలి. బేసి వస్తే ఎన్‌కోడర్ (ఫొటోలను వీడియోగా కుదించే ప్రోగ్రామ్) ఎర్రర్ చూపి ఆగిపోతుంది.

వీడియోను కుదించే పద్ధతుల్లో మోషన్ జేపెగ్ వద్దు. అది ప్రతి ఫ్రేమునూ (వీడియోలోని ఒక్కో బొమ్మనూ) విడి ఫొటోలాగే దాస్తుంది. హెచ్.264 పద్ధతి అయితే ఫ్రేముల మధ్య మారినదాన్నే ప్రధానంగా రాసుకుంటుంది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో ప్రోగ్రామ్‌లో సీఆర్‌ఎఫ్ (నాణ్యతను నిర్ణయించే అంకె) 23తో మొదలుపెట్టండి. ఆ అంకెను ఇంకో 6 పెంచితే సైజు దాదాపు సగమవుతుంది. 28 దాటితే ఆకాశంలో చారలు కనిపించవచ్చు. పిక్సెల్ ఫార్మాట్ (రంగుల సమాచారాన్ని దాచే తీరు) 4:2:0 పెట్టకపోతే చాలా ఫోన్లలో వీడియో ఆడదు.

ఇంత చేసినా ఫైల్ పెద్దగానే ఉందా? అసలు దొంగ ఫొటోల్లోనే ఉంటాడు. ఆటో ఎక్స్‌పోజర్ వల్ల వెలుగు మిణుకుమంటే, ఎక్కువ ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును గ్రహించే సెట్టింగు) వల్ల నాయిస్ (చుక్కచుక్కల గరుకుదనం) చేరితే, కదలని గోడ కూడా ప్రతి ఫ్రేములో మారినట్టే లెక్క. కెమెరా కదిలినా అంతే, అందుకే ట్రైపాడ్ తప్పనిసరి. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్ మాన్యువల్‌లో పెట్టి తీయండి. తీసేసిన ఫొటోలకైతే ఎన్‌కోడింగుకు ముందే మిణుకును తగ్గించే డీఫ్లికర్, నాయిస్‌ను తగ్గించే తేలికపాటి డీనాయిస్ ఫిల్టర్లు వేయండి.

600 ఫొటోలు సెకనుకు 30 ఫ్రేముల వేగంతో 20 సెకన్లు వస్తాయి. మబ్బుల కదలికకు ఫొటో విడిచి ఫొటో వాడి 10 సెకన్లకు కుదించినా బాగానే ఉంటుంది.