పప్పు గింజలకు పుచ్చు పట్టకుండా నూనె పూత

కందులు, పెసలు, అలసందలు నిల్వ చేసేవాళ్లు పురుగు కనిపించాక మందు వెతక్కండి. పుచ్చు పురుగు గింజ పైన గుడ్డు పెడుతుంది, పిల్ల పురుగు లోపలికి తొలుచుకుపోతుంది. ఒకసారి లోపలికి వెళ్లాక వేపాకు, పొడులు దాన్ని పెద్దగా ఏమీ చేయలేవు. అందుకే గింజ శుభ్రంగా ఉన్నప్పుడే జాగ్రత్త పడాలి.

నా లెక్కలో అన్నిటికంటే నమ్మకమైనది నూనె పూత. బాగా ఎండబెట్టి చల్లార్చిన కిలో గింజలకు 5 మిల్లీలీటర్ల ఆముదం లేదా వేరుశనగ నూనె వేసి, ప్రతి గింజకూ అంటేలా చేత్తో కలపండి. నూనె పొర వల్ల గుడ్డుకు గాలి అందదు, గింజకు సరిగ్గా అతుక్కోదు కూడా. తడి ఉన్న గింజకు మాత్రం ఈ పని చేయొద్దు, బూజు పడుతుంది.

వేపాకు వాడేవాళ్లు నీడలోనే ఆరబెట్టండి. వేపలో పురుగును అడ్డుకునే అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా పాడవుతుంది. పచ్చి ఆకు వేస్తే ఆ చెమ్మే పురుగును పిలుస్తుంది.

వస కొమ్ముల పొడి కూడా బాగా పనిచేస్తుంది, కానీ దయచేసి దాన్ని విత్తనాలకే వాడండి. తినే గింజల్లో వద్దు.