భవనం కూలిందా? పిల్లర్‌ను తప్పుపట్టే ముందు స్లాబ్ చూడండి

భవనం కూలిన చోటికి వెళ్ళిన ప్రతిసారీ మొదట వినపడే మాట ఒకటే: "సిమెంటు సరిగ్గా వేయలేదండీ." మధ్యాహ్నానికల్లా కోర్ మిషన్ (కాంక్రీటులోంచి గుండ్రటి ముక్క కోసి తీసే యంత్రం) వస్తుంది. నాలుగు ముక్కలు ల్యాబ్‌కు వెళ్తాయి. రిపోర్టు వచ్చేదాకా అందరూ చేతులు కట్టుకుని కూర్చుంటారు. కాంక్రీటు బలం చూడొద్దని నేను అనను. కానీ డ్రాయింగ్‌లో రాసిన బరువెంత, నిజంగా పైన ఉన్న బరువెంత అని టేపు పట్టి కొలిచేవాళ్ళే కనబడరు.

కోర్ తీయడం, రాడ్ల లెక్క చూడటం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు: బరువు లెక్క

శిథిలాల్లోంచి ఫ్లోరింగ్ అంటుకుని ఉన్న స్లాబ్ ముక్క ఒకటి లాగి అంచు చూడండి. స్లాబ్ ఎంత మందం, దాని మీద బెడ్ (టైల్స్ కింద పోసే సిమెంటు పొర) ఎంత, టైల్ ఎన్ని పొరలు? పాత టైల్స్ తీయకుండానే మీద కొత్తవి వేయడం మామూలే. డ్రాయింగ్ కంటే 50 మిల్లీమీటర్ల బెడ్ ఎక్కువ పడితే చదరపు మీటరుకు దాదాపు 120 కిలోలు పెరుగుతాయి. పిల్లర్ల మధ్య దూరం రెండు వైపులా 8 మీటర్లయితే ఒక్కో లోపలి పిల్లర్ దగ్గర స్లాబ్ మీద ఏడున్నర టన్నులు అదనం. అదే అడుగు మందం తడి మట్టి అయితే చదరపు మీటరుకు ఐదారు వందల కిలోలు. అది ఎవరో ముచ్చటపడి పెట్టుకున్న గార్డెన్, అంతే.

"ఇన్నేళ్ళు నిలబడింది కదా, బరువు సమస్య అయితే అప్పుడే పడేది" అంటారు. సింగపూర్‌లో ఆరంతస్తుల హోటల్ న్యూ వరల్డ్ 1986 మార్చిలో కూలి 33 మంది చనిపోయారు. జనం, సామాను బరువు లెక్కించి, భవనం సొంత బరువును డిజైన్‌లో అసలు కలపలేదని విచారణలో తేలింది. అలాంటి భవనం పదిహేనేళ్ళ దాకా నిలబడింది.

కనిపించేది: స్లాబులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు పడ్డాయి, పిల్లర్లు మధ్యలో విరిగాయి

నేను దెబ్బతిన్నది ఇక్కడే కాబట్టి తీరిగ్గా చెబుతాను.

బీములు లేని ఫ్లాట్ స్లాబ్ భవనం అది. ఒక బ్లాకు కూలింది, అదే నమూనాలో కట్టిన పక్క బ్లాకులో జనం ఉన్నారు. శిథిలాల్లో పిల్లర్లు నడిమికి విరిగి, రాడ్లు పక్షి గూళ్ళలా ఉబ్బి ఉన్నాయి. పిల్లర్ ఫెయిలయిందని రాసేశాను. నా మాట నమ్మి పక్క బ్లాకులో పిల్లర్లన్నిటికీ జాకెట్ (చుట్టూ కొత్త కాంక్రీటు తొడుగు) వేశారు. కొన్ని నెలల తర్వాత అక్కడ టైల్స్ మార్చే మేస్త్రీ ఒకాయన ఫోన్ చేశాడు. "సార్, పిల్లర్ చుట్టూ గీత ఉంది, గుండ్రంగా, కంచం పెట్టి గీసినట్టు."

వెళ్ళాను. బెడ్ తీయించి, స్లాబ్ ఊడ్పించి, నీళ్ళు చల్లి ఆరనిచ్చాం. ఇది మంచి ఉపాయం, ఖర్చు లేదు: మిగతా కాంక్రీటు ఆరిపోతుంది, పగులు లోపలి తడి ఇంకా పైకి వస్తుంటుంది కాబట్టి గీత మాత్రం నల్లగా మిగులుతుంది. పిల్లర్ ముఖం నుంచి అడుగున్నర దూరంలో, ఇంచుమించు పూర్తి వలయం. కింద పార్కింగ్‌లో నిలబడి తలెత్తి చూస్తే సీలింగ్ నున్నగా, సున్నం కూడా రాలకుండా ఉంది. మేం వేసిన జాకెట్ అయితే స్లాబ్ అడుగుకు రెండంగుళాల కిందే ఆగిపోయింది. స్లాబ్‌కు అది చేసిన మేలు సున్నా.

దీన్ని పంచింగ్ షియర్ అంటారు. పిల్లర్ కదలదు, స్లాబే దాని చుట్టూ తెగి కిందికి జారుతుంది. బీము వంగినట్టు ముందుగా వంగి హెచ్చరించదు. పగులు పై ముఖాన పుడుతుంది, పై ముఖం మీద టైల్ ఉంటుంది. ఒక పిల్లర్ దగ్గర తెగితే ఆ బరువు పక్క పిల్లర్ల మీదికి పోతుంది, అవీ వరసగా తెగుతాయి. ఇక పిల్లర్ ఎందుకు విరిగింది? దాన్ని ప్రతి అంతస్తులో పక్కలకు కదలకుండా పట్టి ఉంచేది స్లాబే. ఆ స్లాబ్ పడిపోతే పిల్లర్ ఆసరా లేని పొడవు రెట్టింపవుతుంది, వంగి విరుగుతుంది. నేను చివర జరిగినదాన్ని చూసి మొదట జరిగిందనుకున్నాను.

శిథిలాల్లో గుర్తుపట్టడం ఎలా అంటే, పిల్లర్ విరిగిన చోటు వదిలేసి, స్లాబ్ దానికి కలిసే మట్టం దగ్గర చూడండి. పంచింగ్ అయితే పిల్లర్‌కు గరాటు ఆకారంలో కాంక్రీటు అంటుకుని ఉంటుంది, పైన వెడల్పు, కింద సన్నం. పడిన స్లాబ్‌లో చూస్తే దానికి సరిపోయే రంధ్రం. పై రాడ్లు కవర్‌ను, అంటే తమ మీది కాంక్రీటు పొరను చీల్చుకుని పైకి లేచి ఉంటాయి. ఈ మూడూ కనిపిస్తే పిల్లర్ మీద అనుమానం పక్కన పెట్టండి. మెషీన్లతో శిథిలాలు ఎత్తేస్తే మొదట పోయే ఆధారాలు కూడా ఇవే. అందుకే మొదటి రోజే ఫొటో తీసి, ప్రతి పిల్లర్ ముక్కకూ గ్రిడ్ నంబరు (డ్రాయింగ్‌లో ఆ పిల్లర్ స్థానం చెప్పే నంబరు) పెయింటుతో రాయించండి.

కారణం వెతికేటప్పుడు రాడ్ల సంఖ్య ఒక్కటే చూసి ఊరుకోవద్దు, పై రాడ్లు ఏ ఎత్తులో ఉన్నాయో కొలవండి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీలు వాటి మీదే నడుస్తారు, కింద చైర్లు (రాడ్లను ఎత్తులో నిలిపే ఆసరాలు) అణిగిపోతాయి. 200 మి.మీ. స్లాబ్, 400 మి.మీ. చదరపు పిల్లర్ అనుకోండి. రాడ్లు ఒక్క అంగుళం కిందికి దిగితే పంచింగ్ బలంలో దాదాపు ఐదో వంతు పోయినట్టే. ల్యాబ్ రిపోర్టులో కాంక్రీటు మాత్రం బంగారంలా ఉంటుంది.

ఫ్లోరిడాలోని కోకో బీచ్‌లో 1981 మార్చిలో కడుతుండగానే కూలిన హార్బర్ కే భవనంలో ఇదే జరిగింది: 11 మంది కార్మికులు చనిపోయారు. డిజైన్‌లో పంచింగ్ లెక్కే చేయలేదు, పైగా చైర్లు పొట్టివి కావడంతో పై రాడ్లు కిందికి దిగిపోయాయి. 1995 జూన్‌లో సియోల్‌లోని సంపూంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కూలి 502 మంది పోయిన కేసులో తప్పులు ఒకటి కాదు: సన్నబడ్డ పిల్లర్లు, తర్వాత చేర్చిన ఐదో అంతస్తు, పైకప్పు మీద జరిపిన భారీ ఏసీ యూనిట్లు. ఆ రోజు ఉదయమే పై అంతస్తులో పిల్లర్ దగ్గర పగుళ్ళు చూశారు. పై అంతస్తు మూసి, కింద అమ్మకాలు సాయంత్రం దాకా నడిపారు. 2021 జూన్‌లో ఫ్లోరిడాలోనే సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ కూలి 98 మంది చనిపోయారు. అక్కడ ముందు పడింది టవర్ కాదు, పక్కనున్న పూల్ డెక్. కొన్ని నిమిషాల తర్వాత టవర్ దిగింది.

పరిష్కారం, అంటే పక్క బ్లాకులో చేయాల్సింది: వలయం కనిపిస్తే ముందు మనుషుల్ని బయటికి పంపండి, చర్చ తర్వాత. పగులులో ఎపాక్సీ నింపి "సరిచేశాం" అనుకోవద్దు, ఆధారం దాచినట్టు అవుతుంది తప్ప బలం తిరిగి రాదు. కింద ప్రాప్స్ (తాత్కాలిక నిలువు ఆసరాలు) పెట్టాలి, కానీ ఒక్క అంతస్తులో పెట్టి వదిలితే ఆ బరువు కింది స్లాబ్ మీద పడుతుంది. నేల దాకా ప్రతి అంతస్తులోనూ ఒకే వరుసలో దింపాలి. తర్వాత మట్టి, అదనపు ఫ్లోరింగ్ తీయించండి. తీసినది పక్క బే (పిల్లర్ల మధ్య గడి) మీద కుప్ప పోయకుండా చూసుకోండి, పోస్తారు. ఆపైన శాశ్వతంగా స్లాబ్ కింద పిల్లర్ చుట్టూ ఉక్కు కాలర్ గానీ కాంక్రీటు క్యాపిటల్ (పిల్లర్ తలను వెడల్పు చేసే దిమ్మ) గానీ స్లాబ్‌కు బిగుతుగా ఆనించి కట్టాలి, లేదా స్లాబ్‌లో రంధ్రాలు చేసి షియర్ బోల్టులు (స్లాబ్ తెగకుండా పట్టే నిలువు బోల్టులు) దించాలి. ఏది కుదురుతుందో డిజైన్ చేసే ఇంజనీర్ చెబుతాడు. పిల్లర్ మీదుగా స్లాబ్ అడుగున రాడ్లు నిరంతరంగా వెళ్తున్నాయో లేదో కూడా కవర్ మీటర్‌తో (కాంక్రీటు లోపలి రాడ్లను పసిగట్టే మీటర్) చూడండి. అవి ఉంటే, తెగినా స్లాబ్ వేలాడుతుంది గానీ అంతా కిందికి రాదు.

కడుతుండగానే కూలితే ముందు సెంట్రింగ్ ఎప్పుడు విప్పారో అడగండి. 1973లో వర్జీనియాలో స్కైలైన్ ప్లాజా పై అంతస్తుల్లో పచ్చి కాంక్రీటు కింద ఆసరా ముందే తీయడంతో పంచింగ్ మొదలై నేల దాకా వచ్చింది, 14 మంది పోయారు.

కనిపించేది: కింది అంతస్తు ఒక్కటే నలిగింది, పైవి దాదాపు అలాగే కూర్చున్నాయి

భూకంపం తర్వాతైతే కారణం ఎక్కువగా ఒకటే: పైన గోడలు, కింద ఖాళీ పార్కింగ్. పక్క బ్లాకులో కింది అంతస్తుకు షియర్ గోడలో (పక్కకు ఊగకుండా ఆపే కాంక్రీటు గోడలు), ఉక్కు బ్రేసింగో (ఏటవాలు ఉక్కు కడ్డీలు) చేర్చండి. భూకంపం లేకుండానే నలిగితే పిల్లర్ అడుగున తుప్పు చూడండి. నిలబడి ఉన్న పిల్లర్‌కు నిలువు పగుళ్ళు ఉంటే ఎవర్నీ చెక్కనివ్వకండి. రిపేరు పేరుతో వదులు కాంక్రీటు కొట్టబోయి మిగిలిన బలాన్నీ కొట్టేస్తారు. ముందు ప్రాప్స్, తర్వాతే సుత్తి.

కనిపించేది: భవనం మొత్తం చెట్టులా ఒరిగింది

పైన వెతికి లాభం లేదు, కింద చూడండి. 2009లో షాంఘైలో 13 అంతస్తుల భవనం ఇంచుమించు చెక్కుచెదరకుండా పక్కకు పడుకుంది. ఒకవైపు తవ్విన మట్టి కుప్ప, ఇంకోవైపు గ్యారేజీ కోసం గొయ్యి, మధ్యలో పైల్స్ (భూమిలోకి దింపిన పునాది స్తంభాలు) విరిగాయి. పక్క బ్లాకు దగ్గర తవ్వకం ఆపించి, మట్టి కుప్పను దూరంగా తీయించండి.

మిగతావి

గ్యాస్ పేలుడు, మంటలు, గాలి. 1968లో లండన్‌లో రోనాన్ పాయింట్ అనే అపార్ట్‌మెంట్ టవర్‌లో ఒక మూల గ్యాస్ పేలుడుకు వరసగా జారింది. 47 అంతస్తుల వరల్డ్ ట్రేడ్ సెంటర్ 7 మంటల వేడికి బీములు వ్యాకోచించి కూలింది. అందరూ మాట్లాడేది వీటి గురించే, నాకు మాత్రం సైటులో ఎప్పుడూ తగల్లేదు. మసి, పేలుడు జాడ లేకపోతే వీటి మీద రోజులు పెట్టకండి. టేపు తీసుకుని ఫ్లోరింగ్ ముక్క దగ్గరికి వెళ్ళండి.