రాజ్‌దూత్ 350: రెండు కార్బరేటర్లు ఒక్క తీరుగా లాగకపోతే ఎక్కడ చూడాలి

మా తిరుపతి వైపు రాజ్‌దూత్ 350 ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే ముందు స్పేర్ల గురించి, ఆ తర్వాత కార్బరేటర్ల గురించే మాట. యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ వాళ్లు 1983లో మన రోడ్ల మీదికి తెచ్చిన బండి ఇది. 347 సీసీ, టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, సిలిండర్‌కో కార్బరేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజిన్‌కు పంపేది). సింగిల్ సిలిండర్ బండిలో తేడా వస్తే బండే ఆగి చెప్తుంది. ఇందులో అలా కాదు, ఒక సిలిండర్ సరిగ్గా లేకపోయినా రెండోది దాన్ని మోసుకుంటూ పోతుంది, మనకేమో పికప్ కాస్త తగ్గినట్టుందే అనిపిస్తుంది, అంతే. అందుకని ఏ సమస్య వచ్చినా మొదటి ప్రశ్న ఒకటే: తేడా ఏ వైపు ఉంది?

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు

బండి వేడెక్కాక రెండు ప్లగ్గులూ విప్పి పక్కపక్కన పెట్టండి. రెండూ టీ డికాషన్ రంగులో ఉంటే మంచిదే. ఒకటి నల్లగా తడిగా ఉంటే ఆ వైపు పెట్రోల్ ఎక్కువ పోతోంది లేదా మంట సరిగా రావట్లేదు. ఒకటి తెల్లగా సున్నం కొట్టినట్టుంటే ఆ వైపు గాలి ఎక్కువైంది, దాన్ని చూశాక ఇక ఆ బండి తోలకండి.

ఇక్కడే చాలామంది కార్బరేటర్ విప్పేస్తారు. తొందరపడొద్దు. ఈ బండికి పాయింట్లు (సమయానికి కరెంటు తెంచి ప్లగ్గులో మంట రప్పించే కాంటాక్టులు) రెండు సెట్లు, ఆ కరెంటును పెంచి ప్లగ్గుకు పంపే కాయిళ్లు రెండు. ఒక పాయింట్ అరిగి గ్యాప్ తగ్గినా అచ్చం కార్బరేటర్ చెడినట్టే మిస్సింగ్ వస్తుంది. గ్యాప్ 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉందా, రెండూ సమానమేనా అని ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచని రేకు) చూడండి. తర్వాత ఎడమ ప్లగ్గు కుడికి, కుడిది ఎడమకు మార్చి నడపండి. జబ్బు ప్లగ్గుతో పాటు అవతలికి పోతే దొంగ దొరికినట్టే. పోకపోతే కాయిళ్లు అటూ ఇటూ మార్చండి. అప్పటికీ జబ్బు ఉన్నచోటే ఉంటే కార్బరేటర్ మీద చెయ్యి వేయండి. నేను చూసిన "కార్బరేటర్ కంప్లైంట్"లలో సగం దాకా పాయింట్ల దగ్గరో వాటికి తోడుగా ఉండే కండెన్సర్ దగ్గరో తేలిపోయాయి.

యాక్సిలరేటర్ వదిలినా ఆర్‌పీఎం దిగట్లేదు

అన్నిటికంటే నాకు భయం ఉన్నది దీని గురించే. సిగ్నల్ దగ్గర యాక్సిలరేటర్ వదిలేశాక కూడా ఇంజిన్ రెండు మూడు వేల మీద వేలాడి, తర్వాత మెల్లగా దిగుతుంది. చాలామంది ఐడ్లింగ్ స్క్రూ తిప్పి దాన్ని దించేస్తారు, వినడానికి బాగైనట్టే ఉంటుంది కూడా. కానీ ఆ వేలాడటం అంటే ఎక్కడినుంచో లెక్కలో లేని గాలి లోపలికి పోతోందని. టూ స్ట్రోక్ బండిలో మిశ్రమం పలచబడితే, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేకపోతే, పిస్టన్ వేడి విపరీతంగా పెరుగుతుంది. ఆ తర్వాత పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుపోయి పట్టేయడమే.

నా బండి రెండు వారాలు ఇలాగే వేలాడింది. తెలిసిన మెకానిక్ ఒకాయన స్క్రూ తిప్పి "ఏం లేదు సామీ, ఎండలకి అంతే" అన్నాడు, నేనూ సరేననుకున్నాను. మే నెల మధ్యాహ్నం మదనపల్లె పోతూ భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే ఎడమ సిలిండర్ కీచుమని పట్టేసింది. వెనక చక్రం లాక్ అయి బండి పక్కకు జారింది, క్లచ్ నొక్కడం అర క్షణం ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా చేతులు చల్లబడతాయి. తర్వాత విప్పి చూస్తే పిస్టన్‌కు సైలెన్సర్ వైపు నిలువునా గీతలు. కారణం ఎక్కడుందంటే కార్బరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బర్ జాయింట్ అడుగున. పైనుంచి చూస్తే నున్నగా కొత్తదానిలా ఉంది. బయటికి తీసి రెండు బొటనవేళ్లతో వెనక్కి వంచితే అప్పుడు నోరు తెరిచింది, గోరంత పొడవు పగులు.

కాబట్టి జాయింట్లను బండి మీద ఉండగా చూసి సరిపెట్టుకోకండి, విప్పి వంచి చూడండి. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు కార్బ్ క్లీనర్ కొద్దిగా జాయింట్ చుట్టూ కొట్టినా తెలుస్తుంది, శబ్దం మారితే అక్కడ లీక్ ఉన్నట్టే (సైలెన్సర్, ప్లగ్ వైర్ల వైపు మాత్రం కొట్టొద్దు, మంటలొస్తాయి). రెండు కార్బరేటర్ల మధ్య చోక్ ట్యూబ్ (రెండు వైపుల చోక్‌నూ కలిపే గొట్టం) ఒకటుంటుంది, అది చిట్లినా, ఊడినా ఇదే గోల. ఇవన్నీ బాగుండి ఎడమ ప్లగ్గు మాత్రమే తెల్లబడుతుంటే ఆ వైపు క్రాంక్ సీల్‌ను (క్రాంక్ షాఫ్ట్ చివర గాలి పోకుండా ఆపే రబ్బర్ రింగు) అనుమానించండి. కుడి సీల్ పోతే గుర్తు వేరు: గేర్ బాక్స్ ఆయిల్ తగ్గుతూ, కుడి సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తుంది.

యాక్సిలరేటర్ తిప్పగానే బండి ఎగిరెగిరి పడుతోంది

లీలామహల్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్‌లో ఫస్ట్, సెకండ్ గేర్లలో బండి కుదుపులు పెడితే కార్బరేటర్లలో గాలి దారి తెరిచే రెండు స్లైడ్లు ఒకేసారి లేవట్లేదని అర్థం. హ్యాండిల్ నుంచి వచ్చే ఒక్క కేబుల్ కింద చీలి రెండు కార్బరేటర్లకూ, ఇంజిన్‌లోకి ఆయిల్ పంపే పంపుకూ పోతుంది, ఏ ఒక్కటి సాగినా లెక్క తప్పుతుంది.

ఎయిర్ ఫిల్టర్ తీసేయండి. ఇంజిన్ ఆపి, రెండు ఐడ్లింగ్ స్క్రూలూ స్లైడ్లు పూర్తిగా కిందికి కూర్చునే దాకా వెనక్కి తిప్పండి. వెనక నుంచి రెండు కార్బరేటర్లలో రెండు చూపుడు వేళ్లు పెట్టి స్లైడ్ అంచులను తాకుతూ, పక్కనున్నవాళ్లని యాక్సిలరేటర్ వెంట్రుకవాసి చొప్పున తిప్పమనండి. ఏ వేలు ముందు కదిలితే ఆ వైపు కేబుల్ బిగువుగా ఉంది, దాని అడ్జస్టర్ తిప్పి రెండు వేళ్లకూ ఒకే క్షణంలో తెలిసేదాకా సరిచేయండి. వేళ్ల మీద నమ్మకం లేకపోతే ఒకే సైజు డ్రిల్ బిట్లు రెండు తెచ్చి స్లైడ్ల కింద పెట్టి చూడండి, రెండూ ఒకే బిగువుతో జారాలి. చివర్లో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి రెండు స్లైడ్లూ పూర్తిగా పైకి పోతున్నాయో లేదో చూడండి. ఇది అయ్యాక ఆయిల్ పంప్ పుల్లీ మీది గుర్తు మాన్యువల్‌లో చెప్పిన చోట పిన్‌కు ఎదురుగా వస్తోందా లేదా అన్నది మర్చిపోకండి, కార్బరేటర్ కేబుల్ కదిపి పంపును వదిలేస్తే ఆయిల్ తగ్గి పిస్టన్ పోతుంది. పంప్ తీసేసి ట్యాంకులోనే ఆయిల్ కలిపేవాళ్లకు ఈ బాధ లేదు.

ఐడ్లింగ్ నిలవదు, ఒక సైలెన్సరే కొడుతోంది

స్లైడ్లు కలిశాకే ఐడ్లింగ్ చేయాలి, వరుస మారిస్తే రోజంతా తిప్పినా కుదరదు. ఎయిర్ స్క్రూలు రెండూ మెల్లగా ఆనేదాకా బిగించి, గట్టిగా బిగిస్తే మొన చెడుతుంది జాగ్రత్త, అక్కడినుంచి ఒకటిన్నర చుట్లు వెనక్కి తిప్పండి. ఇది మొదలుపెట్టే చోటు మాత్రమే. ఈ స్క్రూ గాలిది, బయటికి తిప్పితే పలచన, లోపలికి తిప్పితే చిక్కన. స్టార్ట్ చేసి, వేడెక్కాక, ఐడ్లింగ్ స్క్రూలు రెండూ సమానంగా తిప్పుతూ 1,200, 1,300 దగ్గర నిలపండి. ఇప్పుడు రెండు సైలెన్సర్ల వెనక జానెడు దూరంలో రెండు అరచేతులు పెట్టండి. దెబ్బలు రెండు చేతులకూ ఒకే బలంతో తగలాలి. బలహీనంగా ఉన్న వైపు ఐడ్లింగ్ స్క్రూ పావు చుట్టు పెంచి, రెండో వైపు అంతే తగ్గించండి.

ఎంత తిప్పినా ఒక వైపు స్పందన లేదంటే పైలట్ జెట్ (ఐడ్లింగ్‌లో పెట్రోల్ ఇచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) మూసుకుపోయింది. ఈ మధ్య పెట్రోల్‌లో ఇథనాల్ 20 శాతం దాకా కలుస్తోంది, అది తేమను లాక్కుంటుంది. నెల రోజులు బండి కదలకపోతే ఫ్లోట్ గిన్నె (కార్బరేటర్ కింద పెట్రోల్ నిలిచే గిన్నె) అడుగున జిగురు, ఇత్తడి జెట్ల మీద ఆకుపచ్చ చిలుము. జెట్‌లో పిన్నీసు, ఇనుప తీగ గుచ్చొద్దు, రంధ్రం పెద్దదైపోతుంది. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, జెట్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే రంధ్రం చుట్టూ గుండ్రంగా కనబడాలి. బండి పక్కన పెట్టేటప్పుడు పెట్రోల్ ట్యాప్ కట్టేసి గిన్నెలు ఖాళీ చేస్తే ఈ పని సగం తప్పుతుంది.

నిలబెట్టిన బండి కింద పెట్రోల్ చుక్కలు

గిన్నె నిండగానే పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ కింద చెత్త పడింది లేదా నీడిల్ మొన అరిగింది. మొన మీద గోరుతో తాకితే గాడి తగిలితే మార్చేయండి. రెండు వైపులా కలిపే మార్చండి.

రేణిగుంట రోడ్డులో ఫుల్ స్పీడ్‌లో తగ్గిపోతోంది

కాసేపు లాగి తర్వాత నీరసపడితే ట్యాంక్ మూత తెరిచి నడిపి చూడండి. బాగుంటే మూతలోని గాలి రంధ్రం మూసుకుంది. లేదంటే పెట్రోల్ ట్యాప్ జాలీ మూసుకుని ఉంటుంది. అవి శుభ్రంగా ఉంటేనే ఫుల్ యాక్సిలరేటర్‌లో పెట్రోల్ ఇచ్చే మెయిన్ జెట్ మాట. ఫుల్ యాక్సిలరేటర్‌లో కొంత దూరం పోయి, అక్కడే కీ ఆపి, క్లచ్ పట్టుకుని బండి ఆపి ప్లగ్గులు చూడండి. ఊరికే ఐడ్లింగ్‌లో తిప్పి తెచ్చిన ప్లగ్గు మెయిన్ జెట్ గురించి ఏమీ చెప్పదు. రెండూ తెల్లబడుతుంటే రెండింటికీ ఒక నంబర్ పెద్ద జెట్ వేయండి. మధ్య స్పీడులో తేడా అయితే స్లైడ్‌కు వేలాడే నీడిల్ (ఫ్లోట్ నీడిల్ కాదు) క్లిప్పు ఒక గాడి కిందికి వేస్తే నీడిల్ లేచి పెట్రోల్ పెరుగుతుంది.

హార్స్‌లీ హిల్స్ ఎక్కేసరికి పొగ, బరువు

ఇక్కడ బండిలో తప్పేమీ లేదు. తిరుపతి ఎత్తు సుమారు 160 మీటర్లు, ఆ కొండ 1,200 దాటుతుంది. పైన గాలి పలచన, జెట్లు మాత్రం అవే, అందుకని మిశ్రమం చిక్కబడుతుంది. కొండ మీద స్క్రూలు తిప్పి బాగు చేసుకుంటే కిందికి దిగాక అదే సెట్టింగ్ పలచనైపోతుంది, ఆ ఎండలో తిరిగొచ్చే దారిలో మళ్లీ భాకరాపేట ఘాట్ ఉంది. అలాగే నడిపి దిగిపోండి.